గడప మీది పత్తి

అహోబిలంలో వెలిసిన దేవుడు సగం సింహం, సగం మనిషి. కొండ దిగి ఆళ్లగడ్డ, నంద్యాల వైపు వస్తే చేలల్లో సంకర విత్తనం కోసం పెంచే సీడ్ పత్తి. సాయంత్రం పూట కూలీలు ఆడ సాళ్ల మొగ్గను బొటనవేలి గోటితో చీల్చి కేసరాలు తీసేస్తారు. మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి పుప్పొడి అద్దుతారు. నంద్యాల పరిశోధన కేంద్రం ఇచ్చిన ఒక పత్తి రకం పేరు కూడా నరసింహే.

కలవనివాటిని కలపడం పాపమా? బీటీ పత్తిలో చేరింది మట్టిలో బతికే బాక్టీరియా జన్యువు. సృష్టిలో వేలు పెట్టడమే అధర్మమనేవారికి సీమ భక్తుడు చెంచులక్ష్మి మొగుణ్ణి చూపించి నవ్వగలడు. ఇక్కడి దేవుడే రెండు జాతుల కలయిక. చిక్కంతా హిరణ్యకశిపుడు కోరిన వరం దగ్గరుంది.

పగలు వద్దు, రాత్రి వద్దు. ఇంట్లో వద్దు, బయట వద్దు. మనిషి వల్ల వద్దు, మృగం వల్ల వద్దు. అనుభవమున్న ప్లీడరు రాసిచ్చిన దస్తావేజులా ఉంటుంది ఆ వరం. చావు సందెవేళ, గడప మీదికొచ్చింది.

జన్యుమార్పిడి పంటల క్షేత్ర ప్రయోగాలకూ ఇలాంటి జాబితా ఒకటుంది. 1989 నిబంధనల కింద కేంద్రంలోని జన్యు ఇంజినీరింగ్ మదింపు కమిటీ (జీఈఏసీ) అనుమతి కావాలి. 2011 నుంచి రాష్ట్రం ఎన్‌ఓసీ కూడా కావాలి. పత్తి ప్రయోగమైతే చుట్టూ 50 మీటర్ల ఎడం ఉండాలి. కోతయ్యాక మిగిలింది నాశనం చేయాలి, ఆ చేలో దానంతటదే మొలిచిన మొక్కను పీకేయాలి. పత్తి పుప్పొడి జిగురుగా, బరువుగా ఉంటుంది. గాలికి పెద్దగా ఎగరదు, తేనెటీగలు మోయాల్సిందే. కాబట్టి ఆ 50 మీటర్లు ఊరికే రాసిన లెక్క కాదు. కానీ విత్తనం ఈగ మీద పోదు. సంచిలో పోతుంది.

కలుపు మందును తట్టుకునే పత్తి సంగతి చూడండి. దాని అనుమతి కోసం పెట్టిన దరఖాస్తును మహికో విత్తన కంపెనీ 2016లో వెనక్కి తీసుకుంది. అలాంటి పత్తే 2017లో ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్ర చేలల్లో బయటపడి, కేంద్రం కమిటీ వేయాల్సి వచ్చింది. ఊళ్లలో దాన్ని బీజీ-3 అంటారు. కలుపు కూలికే పెట్టుబడి కరిగిపోయే రైతు ఆ సంచి ఎందుకు కొన్నాడో ఎవరికైనా అర్థమవుతుంది.

కాగితాలు పకడ్బందీగా ఉండే అమెరికాలోనూ ఇదే కథ. 1998–2001 మధ్య ప్రయోగాల్లో పెంచిన ఎల్‌ఎల్‌601 అనే జన్యుమార్పిడి వరి ఆనవాళ్లు 2006లో మార్కెట్ బియ్యంలో దొరికాయి. ఎలా కలిసిందో ప్రభుత్వ విచారణలోనూ తేలలేదు. 2011లో దాని సొంతదారు బేయర్ కంపెనీ రైతులతో 75 కోట్ల డాలర్లకు రాజీ పడింది.

ఇక మన సీమలోని ప్యాపిలి సంగతి. వానను నమ్ముకున్న మెట్ట మండలం. రేపు అక్కడ ఎవరైనా ప్రయోగం పెట్టాలంటే ఎన్‌ఓసీ అమరావతి నుంచి వస్తుంది. 51వ మీటరులో పత్తి వేసుకున్న రైతుకు ఆ కబురు ఎవరు చెప్పాలి? గట్టు జరిగితే పెద్దమనుషుల్ని పిలిచి పంచాయితీ పెట్టే ఊరది. పుప్పొడి గట్టు దాటితే ఎవర్ని పిలవాలి? ఏ సంచి ఎటు పోయిందో ముందుగా కళ్లబడేది ఆ రైతుకు, పొద్దున్నే చేలోకి దిగే కూలీకి. అనుమతి కాగితం మీద సంతకాలు మాత్రం ఢిల్లీవి, అమరావతివి.