తూకానికి వచ్చిన పాట

తెలిసినవాడు తెలియనివాడి దగ్గర చవగ్గా కొనవచ్చునా? ఇది నిన్న మొన్న పుట్టిన ప్రశ్న కాదు. క్రీ.పూ. 44లో రోమన్ రచయిత సిసిరో తన కొడుక్కి కర్తవ్యాన్ని బోధిస్తూ రాసిన గ్రంథంలో ఇలాంటి చిక్కులు అనేకం ఏకరువు పెట్టాడు. ఒకడు బంగారాన్ని ఇత్తడి అనుకుని అమ్ముతున్నాడు. కొనేవాడికి అది బంగారమని తెలుసు. ఆ మాట చెప్పాలా, లేక వెయ్యి దెనారియాల వస్తువుకి ఒక్క దెనారియస్ చేతిలో పెట్టి పట్టుకుపోవచ్చునా? ఇటువంటి విషయాల్లో ఇద్దరు స్టోయిక్ తత్వవేత్తలకు అభిప్రాయభేదం వుండేదని చెబుతాడు. అబద్ధమాడకుండా వుంటే చాలు, తెలిసిందంతా చెప్పవలసిన పని లేదని బాబిలోన్ డయోజెనీస్ వాదన. మనుషులంతా ఒకే సంఘమైనప్పుడు నీ లాభం కోసం సాటివాణ్ణి చీకట్లో వుంచటం తప్పని అతని శిష్యుడు ఆంటిపేటర్ వాదన. సిసిరో మొగ్గు శిష్యుడి వైపే. ఆ పక్కనే బానిస అమ్మకంలో ఏయే లోపాలు ముందే చెప్పాలన్న చర్చ కూడా చేశాడు గాని, మనిషిని అమ్మటమేమిటన్న ప్రశ్న ఆ మహానుభావుడికి తట్టలేదు. ధర్మమీమాంస ఏ వర్గం అరుగు మీద కూర్చుని చేసినా ఆ అరుగు కింద ఏముందో మీమాంసకుడికి కనపడదు కాబోలు.

నాకు బంగారంతో పని లేదు. నేను వెతికేవి నల్లటి గ్రామఫోను పళ్ళాలు. పదేళ్ళుగా మంగళగిరిలోనూ, బెజవాడ, గుంటూరుల్లోనూ సెలవురోజుల్లో పాత సామాన్ల కొట్లు తిరిగి పాటకచేరీల రికార్డులూ నాటక పద్యాల రికార్డులూ ఏరుకోవటం నా వ్యసనం. తెలుగు మాస్టరుకి పుస్తకాల పిచ్చి చాలకనా ఇది అని మిత్రులు వేళాకోళం చేస్తారు. చెయ్యనీండి.

ఇంగ్లండులో ధర్మార్థపు దుకాణాలని వుంటాయి. ఆక్స్‌ఫర్డ్‌లో 1948 ప్రాంతంలో ఆక్స్‌ఫామ్ సంస్థ తెరిచిన కొట్టు వాటిలో పేరుపడ్డది. జనం తమకు అక్కర్లేని బట్టలూ పుస్తకాలూ రికార్డులూ ఊరికే ఇస్తారు. అమ్మగా వచ్చిన సొమ్ము కరువులో వున్నవాళ్ళకు పోతుంది. శాస్త్రీయ సంగీతం రికార్డుల కోసం ఆ కొట్లను గాలించే రసికులు అక్కడ బోలెడుమంది. వాళ్ళ బేరంలో నష్టపోయేవాడు ఎదురుగా వుండడు. ఎక్కడో దూరదేశంలో ఒక గిన్నెలో ఒక చెంచా గంజి తగ్గుతుంది, అంతే. మన బేరంలో నష్టపోయేవాడు తక్కెడ పట్టుకుని మన ముందే నిలబడి వుంటాడు.

మన ఊళ్ళో వస్తువు దానంగా రాదు, ఉల్లిపాయలకు వస్తుంది. పాత ఇనుముకూ ప్లాస్టిక్కుకూ ఉల్లిపాయలిస్తామని బండి మీద కేకలేసుకుంటూ తిరిగేవాళ్ళ దగ్గర మొదలై, వీధి చివరి కొట్టు చేరి, అక్కడ రకాలవారీగా విడిపోయి లారీలకెక్కుతుంది. 2014 తరవాత రాజధాని మా పక్కకు వచ్చి నేలకు ధర పెరిగింది. పెంకుటిళ్ళు పడగొట్టి డాబాలు లేపటం ఎక్కువైంది. ఇల్లు పడిందంటే అటక దిగుతుంది. అటక దిగిందంటే తాతగారి గ్రామఫోను పెట్టె దిగుతుంది. నేలకు గజాల లెక్కన ధర కట్టిన కుటుంబమే పాటకు కిలోల లెక్కన ధర కడుతుంది. పది అంగుళాల పళ్ళేలు నాలుగైదు తూగితే కిలో. కిలో పదిహేను రూపాయలు. అంటే ద్వారం వెంకటస్వామినాయుడి ఫిడేలు మూడు రూపాయల చిల్లర. ఆ గుట్టలోనే కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలుంటాయి, ఘంటసాల పాడిన కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ వుంటుంది, మా పక్కనున్న కాజ గ్రామంలోనే పుట్టాడంటారే, ఆ నారాయణతీర్థుల తరంగం వుంటుంది. అదృష్టం బాగుంటే షేక్ చిన మౌలానా సన్నాయి ఎల్‌పీ వుంటుంది. ఒంగోలు పక్క కరవదిలో 1924లో పుట్టి, దేవుడి ఊరేగింపుల ముందు నడిచే వాద్యాన్ని చేపట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు సంగీత అకాడమీ చేత సంగీతకళానిధి అనిపించుకున్న ముసల్మాను ఆయన. మతాల గోడలు రోజురోజుకీ ఎత్తు పెరుగుతున్న కాలంలో ఆ రికార్డు నీళ్ళపైపుల కింద పడి పగలటం సంగీతానికే కాదు, ఇంకా చాలావాటికి నష్టం.

ఇప్పుడు చూడండి. కొట్టు యజమానికి అది ప్లాస్టిక్కు. నాకు అదేమిటో తెలుసు. పట్నంలోని సేకర్తల దగ్గర దానికి ఎంత పలుకుతుందో కూడా తెలుసు. నోరు మూసుకుని మూడు రూపాయలు ఇచ్చి రావటమా?

మా విద్యార్థి ఒకడు, చురుకైనవాడు, ఈ విషయంలో నాతో గట్టిగా వాదించాడు. ‘మాస్టారూ, ఆ కొట్టాయన మాత్రం ఏమన్నా కష్టపడి పాడాడా? ఎవరో ముసలమ్మ దగ్గర రెండు కిలోల ఉల్లిపాయలకు కొట్టేశాడు. మీరు చెప్పకుండా కొని నలుగురికీ వినిపిస్తే అది దోపిడీ ఎలా అవుతుంది? ప్రజల సొత్తు ప్రజలకు చేరినట్టేగా’ అన్నాడు. వినటానికి ఇంపుగా వుంది. కాని ప్రజల పేరు చెప్పి ప్రజల్లో మొదటివాణ్ణి మోసగించి మొదలుపెట్టే పని ఎక్కడ ఆగుతుందో ఆలోచించాలి. రోజుకి పద్నాలుగు గంటలు తుప్పులో కూర్చునే ఆ మనిషి ప్రజల్లోకి రాడా? ఇక్కడి బతుకుల్ని ఎరిగినవాళ్ళకు ‘తెలియకపోవటం’ అన్నది తత్వశాస్త్రపు ఉదాహరణ కాదు. మంగళగిరి నేతగాడికి నేత తెలుసు, చీర పట్నంలో ఎంతకు అమ్ముడుపోతుందో షావుకారుకి తెలుసు. గుంటూరు యార్డుకి మిరపకాయ తోలిన రైతుకి తన కాయ తెలుసు, ఏ ఊళ్ళో ఏ రంగుకి ఎంత గిరాకీ వుందో కొనేవాడికి తెలుసు. ఒకప్పుడు మన దేశపు సంతల్లో గుడ్డ కింద వేళ్ళు నొక్కి బేరాలాడేవారు. సరుకు అందరి ఎదుటా వుంటుంది, ధర మాత్రం గుడ్డ కింద. ఆ గుడ్డ తీయాలని ఇన్నేళ్ళుగా వ్యాసాలు రాస్తున్న మనం రికార్డు దగ్గరికి వచ్చేసరికి అదే గుడ్డ కప్పుకోవటం ఏం సబబు?

అయితే చెప్పినంత మాత్రాన న్యాయం జరిగిపోతుందని ఆంటిపేటర్ అనుకున్నాడేమో తెలియదు గాని, నాకు అలా జరగలేదు. నేను చెప్పాను. ‘బాబాయ్, వీటిలో కొన్నిటికి వందల్లో ధర వుంటుంది’ అన్నాను. ఆయన నా వంక అనుమానంగా చూశాడు. మరుసటి వారం కొట్లో వున్న ప్రతి పళ్ళేనికీ, అరిగిపోయిన సినిమా పాటలతో సహా, మూడు వందలు చెప్పాడు. ఎవరూ కొనలేదు. వానలకు కొన్ని వంగిపోయాయి. అప్పుడు వాళ్ళ అబ్బాయికి లేబులు మీది పేర్లు చూడటం, గాడి అరుగుదల వెలుతురులో పోల్చటం నేర్పాను. కుర్రవాడు గట్టివాడు. రెండు నెలల్లో ఫోనులో ఫోటోలు పెట్టి బెంగుళూరు బేరగాడొకడికి అమ్మటం మొదలుపెట్టాడు. నేను కన్నేసి వుంచిన మౌలానా ఎల్‌పీ అలాగే వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు సంతోషం కలిగిందని చెప్పలేను. కాని ఆ డబ్బుతో కొట్టు మీద రేకులు వేయించారు.

ఇందులో ఒక సంగతి తేలింది. ఇద్దరి మధ్య నిజాయితీ వుంటే బేరం నిజాయితీగా సాగుతుంది, వస్తువు మాత్రం ఎక్కువ డబ్బున్నవాడి అద్దాల బీరువాలోకే నడుస్తుంది. తక్కెడ ధర తప్పయితే బజారు ధర ఒప్పు అనుకోవటానికి ఆధారమేమిటి?

ఆ నల్లటి పళ్ళెంలో ఏముందో చూద్దాం. 78 తిరుగుళ్ళ రికార్డులో ముఖ్యద్రవ్యం లక్క. చోటానాగపూర్ అడవుల్లో మోదుగ కొమ్మల మీదా రేగు కొమ్మల మీదా పురుగు కట్టిన పూతను ఆదివాసులు గీకి అంగళ్ళకు చేర్చినది. దాంట్లో రాతిపొడి, మసి, అతుకు కోసం దూదినూగు కలిపేవారు. పత్తిచేల నడుమ పెరిగిన నాకు ఈ దూది సంగతి చదివినప్పుడు ఎందుకో ఆనందం వేసింది. కలకత్తా పక్క డమ్ డమ్ కర్మాగారంలో కార్మికులు దాన్ని వేడి అచ్చుల్లో నొక్కారు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క కరువై ఇంగ్లండు, అమెరికాల్లో పాత రికార్డులను పోగుచేసి, పొడిచేసి, కొత్తవి పోశారు. అంటే పాటను తూకానికి కొనటం మా కొట్టాయన కనిపెట్టిన అనాగరికం కాదు.

ఇక పాడినవాడు. పియానో చేసేవాడు ఉత్పాదక శ్రామికుడట, వాయించేవాడు కాడట, ఇదెక్కడి వింత అని మార్క్స్ తన రాతప్రతుల్లో ఒకచోట ప్రశ్న వేసుకుని, పెట్టుబడి దృష్టిలో అంతేనని తేలుస్తాడు. మన 1957 కాపీరైటు చట్టంలో రికార్డు తీసిన కంపెనీకి హక్కు వుంది, పాడిన గొంతుకు లేదు. 1994 సవరణ వచ్చేదాకా ప్రదర్శకుడి హక్కు అనే మాటే చట్టంలో లేదు. అప్పటికి నాటక పద్యాల మహారథుల్లో అనేకులు కాలం చేశారు. ఈనాడు బెంగుళూరు బేరగాడు ఇచ్చే వేలల్లో లక్క గీకినవాడికీ, అచ్చు నొక్కినవాడికీ, పద్యం పాడినవాడికీ పైసా లేదు. ఆ ధర కొరతకు కట్టిన ధర.

కొరత గుణమేమిటంటే, జనం వినని రికార్డుకే అది అంటుకుంటుంది. బలిజేపల్లి వారి ‘సత్యహరిశ్చంద్రీయం’ పద్యాలు తీసుకోండి. కాఫీ హోటళ్ళలో, పెళ్ళిపందిళ్ళలో, మగ్గాల వాడల్లో వాటిని వేసి వేసి ఉక్కుముల్లు గాడిని తినేసింది. కాటిసీనులో జాషువా పద్యాలు కలిపి పాడితే నాటకం చూడని నేతగాడు కూడా కంఠతా పట్టాడు. అలాంటి రికార్డు పెడితే ఇవాళ ముందు వినపడేది బర బర శబ్దమే. సేకర్త దాన్ని ‘పాడైపోయిన సరుకు’ అంటాడు. ఏ రాజావారి దివాణంలోనో కొని ఒక్కసారీ వెయ్యని రికార్డు అద్దంలా మెరుస్తూ వేలు పలుకుతుంది. ప్రేమించి అరగదీసినదానికి విలువ లేదు, అలక్ష్యంతో మిగిలినదానికి వుంది. అసలు పళ్ళెమే ఎక్కనివి మరీ అన్యాయమైపోయాయి. మా దాపునున్న పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథ రాత్రి పొడుగునా సాగేది. పళ్ళేనికి ఒక పక్క పట్టేది మూడు నిమిషాల చిల్లర. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి పాటను ఏ కంపెనీ వెంటపడి పట్టుకుంటుంది? 1947లో వచ్చిన ‘మాభూమి’ని ప్రభుత్వం నిషేధించింది కూడాను.

మార్గం లేదా అంటే, ఇటువంటివన్నీ ప్రజాసంస్థలు కొనాలని మనం వెంటనే తీర్మానం చేస్తాం. నేనూ ఒక సంస్థకు ఉత్తరం రాశాను. రికార్డు పుస్తకం కాదు గనక రిజిస్టరులో ఎక్కించే పద్ధతి లేదని జవాబు వచ్చింది. జవాబైనా వచ్చింది, నయం.

చివరికి దారి చూపినవాడు కొట్టాయనే. ‘మాస్టారూ, ఈ గొడవంతా ఎందుకండీ, పానకాలస్వామి లెక్కన కానిద్దాం. తూకం ధర నాకిచ్చెయ్యండి. ఆపైన దానికెంత చేస్తుందో మీరే చెప్పండి, అందులో సగం నాది, సగం మీరు తగ్గించుకోండి’ అన్నాడు. మా కొండ మీది స్వామి ఎంత పానకం పోసినా సగం తాగి సగం విడిచిపెడతాడని ప్రతీతి. నేను ఒప్పుకున్నాను. కొన్నవాటిని నెలకొకసారి ఒక మిత్రుడి వరండాలో పదిమందికి వినిపిస్తున్నాను. ఒప్పందం బాగానే నడుస్తున్నది. కాని ఆ పానకపు లెక్కలో బెల్లం వండినవాడి వాటా ఎప్పుడూ కనపడదు.

అది ఒక రోజు స్పష్టంగా ఎదుటికొచ్చింది. నాటకాల్లో హార్మోనియం వాయించిన ఒకాయన భార్య, డెబ్బయి దాటినావిడ, బండివాళ్ళు మరీ తక్కువిస్తున్నారని గోనెసంచి తనే మోసుకుని కొట్టుకు వచ్చింది. నేను అక్కడే వున్నాను. ఇరవై పళ్ళేలు, నాలుగున్నర కిలోలు. అరవై ఏడు రూపాయలు ఆవిడ చేతిలో పడబోతున్నాయి. ఇప్పుడు చెబితే కొట్టాయనకు నష్టం, చెప్పకపోతే ఆవిడకు. సిసిరో ఉదాహరణలో ఇద్దరే వున్నారు. ఇద్దరికీ వినపడేలాగే చెప్పాను: వీటికి బెజవాడలో ఇంత వస్తుంది, నేనైతే ఇంత ఇస్తాను, బాబాయికి మోత కూలీ తూకం కూలీ కింద కొంత ముట్టాలి. కొట్టాయన ముఖం చిట్లించాడు గాని కాదనలేదు. ఆవిడ మాత్రం ధర మాట పట్టించుకోలేదు. ‘ఇయ్యి ఇంకా పాడతయ్యా నాయనా?’ అని అడిగింది. ముల్లులు అయిపోయినప్పటినుంచి వాళ్ళింట్లో ఆ పెట్టె తెరవలేదట.

వరండాకు తీసుకువెళ్ళి ఇరవయ్యీ వేశాం. ఆవిడ మధ్యాహ్నమంతా కూర్చుంది. పద్నాలుగు అమ్మింది. ఆరు పక్కకు పెట్టింది. నేను తిప్పి చూశాను: ఆరూ అరిగిపోయినవే, బెంగుళూరు బేరగాడు చేత్తో ముట్టుకోనివి. డబ్బు ముగ్గురి ఎదుటా లెక్కపెట్టాం. కొట్టాయన అలవాటు కొద్దీ గోనెసంచి కూడా తనదే అన్నట్టు మడిచి చంకలో పెట్టుకోబోయాడు. ఆవిడ లాక్కుని, ఆరు రికార్డులూ అందులోనే వేసుకుని వెళ్ళిపోయింది.