రేసుకోర్సులో మొదటి రోజు

గుర్రప్పందేలకు మొదటిసారి వెళ్ళిన మనిషి ఆ రోజు మొత్తంలో గుర్రాలు పరుగెత్తగా చూసేది పట్టుమని పది నిమిషాలు. 1200 మీటర్ల పందెం నిమిషం పది, పదిహేను సెకన్లలో ముగుస్తుంది. 1600 మీటర్లదైనా రెండు నిమిషాలు పట్టదు. రోజుకి ఏడో ఎనిమిదో పందేలు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య సుమారు అరగంట. పరుగు పది నిమిషాలైతే ఎదురుచూపు నాలుగు గంటలన్నమాట. ఏళ్ళు గడిచాక గుర్తుండేవి మాత్రం ఆ పది నిమిషాలే. కానీ ఆ రోజు మనిషి లోపల ఏదైనా జరిగిందంటే అది ఈ నాలుగు గంటల్లోనే జరుగుతుంది. ఏమీ తెలియని విషయం మీద ఒక నిశ్చయానికి రావడం, వచ్చాక దానికి కారణాలు వెతుక్కోవడం, ఓడినా ఆ కారణాల్ని వదులుకోలేకపోవడం, అన్నీ ఆ ఖాళీలోనే.

హైదరాబాద్‌లోని నిజాంపేటలో ఉండేవాళ్ళకి మలక్‌పేట రేసుకోర్సుకి ప్రయాణం సులువు. ముంబై హైవే మీదికి వచ్చి జేఎన్‌టీయూ కాలేజీ స్టేషన్లో మెట్రో ఎక్కితే, రైలు మారే పని లేకుండా మలక్‌పేటలో దిగవచ్చు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎర్ర లైను 2018 సెప్టెంబరులో పూర్తయింది. అపార్టుమెంట్లు, కోచింగ్ హాస్టళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల ఊరి నుంచి బయల్దేరి అమీర్‌పేట, నాంపల్లి మీదుగా మూసీ దాటేసరికి వేరే శతాబ్దపు నగరం వస్తుంది. హైదరాబాద్‌లో పందేలు 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాటిని మలక్‌పేటలోని తన మహబూబ్ మాన్షన్‌కి దగ్గరగా తెచ్చుకున్నాడు. ఆయన తర్వాత పందేలు అక్కణ్ణుంచి వెళ్ళిపోయాయి, చాలాకాలం సికింద్రాబాద్‌లో జరిగాయి. 1961లో హైదరాబాద్ రేస్ క్లబ్ ఏర్పడింది, 1968లో మలక్‌పేటకి తిరిగి వచ్చింది. వానాకాలం ఒక సీజను, చలికాలం ఒకటి. వానాకాలపు సీజనులో అందరూ ఎదురుచూసేది మూడేళ్ళ గుర్రాలకు జరిగే దక్కన్ డెర్బీ. దాన్ని ఆనవాయితీగా అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు నడుపుతారు. సెలవుదినం కాబట్టి అనుకోవాలి, వేరే కారణం వెతికితే ఇబ్బందే.

లోపలికి వెళ్ళిన కొత్తవాళ్ళని మొదట ఆకట్టుకునేది ప్యాడాక్. పందేనికి ముందు సయీసులు గుర్రాల్ని గుండ్రంగా నడిపిస్తారు. సినిమాలో, పెళ్ళి ఊరేగింపులో చూసిన గుర్రం వేరు, ఇది వేరు. థరోబ్రెడ్ జాతి గుర్రాలన్నిటి తండ్రి వరస వెనక్కి వెళితే మూడు పోతు గుర్రాల దగ్గర ఆగుతుంది: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. మూడూ పదిహేడో శతాబ్దం చివర, పద్దెనిమిదో శతాబ్దం మొదట తూర్పు దేశాల నుంచి ఇంగ్లండు చేరినవే. మూడు వందల ఏళ్ళుగా ఒక్క పరుగు కోసమే జతకట్టించి పెంచిన జంతువు అది. చర్మం కింద నరాలు కనిపిస్తుంటాయి, చెవులు ఒక్కచోట నిలవవు. పాతకాపులు పిర్రల కండ, నడకలోని సాఫీతనం, చెమట పట్టిందా లేదా చూస్తారు. కొత్తవాళ్ళకి రంగు కనిపిస్తుంది, పేరు వినిపిస్తుంది. ఒక గుర్రం తమ వైపు చూసిందని కూడా అనిపిస్తుంది. గుర్రం కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి అది దాదాపు అందరివైపూ చూస్తూనే ఉంటుంది.

రేసు బుక్కు తెరిస్తే ప్రతి గుర్రం పేరు పక్కనా ఒక బరువు ఉంటుంది. ఆ అంకెని చాలామంది కొత్తవాళ్ళు దాటేసి వెళ్ళిపోతారు. పందెం గుండెకాయ అదే. సాధారణ పందేల్లో ఎక్కువ భాగం హ్యాండిక్యాప్ పందేలు. ఇదివరకటి పరుగుల్ని బట్టి గుర్రానికి రేటింగు ఇస్తారు. రేటింగు ఎక్కువున్న గుర్రం ఎక్కువ బరువు మోస్తుంది, లెక్క పాయింటుకి అర కిలో. మంచి గుర్రం 60 కిలోల దరిదాపుల్లో మోస్తే, అంతంతమాత్రపుది 50 కిలోలతో పరుగెత్తుతుంది. జాకీ, జీను కలిపినా ఆ బరువు రాకపోతే సీసం పలకలు చేరుస్తారు. గెలిస్తే రేటింగు పెరుగుతుంది, వచ్చేసారి ఇంకాస్త సీసం. ఓడుతూ ఉంటే తగ్గుతుంది. వయసుని బట్టి ఏ గుర్రానికి ఎంత బరువు న్యాయమో ఒక పట్టికగా కుదిర్చినవాడు పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నౌకాదళాధికారి అడ్మిరల్ రౌస్. బరువులు వేసేవాడి కల ఒకటే: బరిలోని గుర్రాలన్నీ ఒకే క్షణంలో గీత దాటాలి. ఆ కల నెరవేరిన రోజున ఎవరూ గెలవరు.

నిజాంపేట నుంచి వచ్చిన మనిషికి ఇది విచిత్రంగా తోచాలి. అక్కడి కోచింగ్ లోకంలో లెక్క తలకిందులు. మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి మంచి సెక్షన్లో వేస్తారు, మంచి లెక్చరర్లని ఇస్తారు, వెనకబడినవాడు ఇంకా వెనకబడతాడు. పిల్లల్ని రేసుగుర్రాలతో పోల్చి జాలిపడే వ్యాసాలు ఎన్నో వచ్చాయి గానీ, నిజం రేసుగుర్రానికి దక్కే న్యాయం ఆ పిల్లలకి దక్కదు. ఆఫీసు సంగతి కొంత దగ్గరగా ఉంటుంది. బాగా పనిచేసినవాడి నెత్తిన మరుసటి ఏడాది ఇంకో రెండు ప్రాజెక్టులు పడతాయి, అదీ సీసమే. అయితే రేసుకోర్సులో ఆ సీసం కిలోల లెక్కన అచ్చులో ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు. గుర్రానికి మాత్రం ఈ న్యాయంతో పనిలేదు. తన మీద బరువు ఎందుకు పెరిగిందో దానికి తెలియదు. న్యాయమంతా చూసేవాళ్ళ కోసం, ఇంకా చెప్పాలంటే డబ్బు కట్టేవాళ్ళ కోసం. ముందే తెలిసిన ఫలితం మీద ఎవరూ పందెం కాయరు గనక అనిశ్చయాన్ని కొలిచి, తూచి తయారుచేస్తారు.

ఆ అనిశ్చయం మీద డబ్బు పెట్టడానికి దారులు రెండు. ఒకటి బుకీ. అతను చెప్పిన ధర దగ్గర బేరం కుదిరితే, తర్వాత ధర ఎటు మారినా పాత మాటే చెల్లుతుంది. రెండోది టోట్. 1860ల్లో పారిస్‌లో జోసెఫ్ ఓలెర్ కనిపెట్టిన పద్ధతి ఇది: అందరి డబ్బూ ఒక కుప్ప, అందులో క్లబ్బు వాటా, పన్ను తీసేసి, మిగిలింది గెలిచినవాళ్ళు పంచుకోవాలి. లెక్క క్షణక్షణం మారుతుంది కాబట్టి జార్జ్ జూలియస్ అనే ఇంజనీరు దానికో యంత్రం కట్టాడు. మొదటిది 1913లో న్యూజీలాండ్‌లోని ఆక్లండులో పనిచేసింది. టోట్ బోర్డు మీద కనిపించే అంకె గుర్రం బలం కాదు, ఆ గుర్రం గురించి జనం అనుకుంటున్నది. మొదటి రోజున ఈ తేడా పట్టుకోవడం కష్టం. అంకె మారుతుంటే లోపలెవరికో ఏదో తెలిసిందనిపిస్తుంది. అవతల నిలబడినవాడికీ సరిగ్గా అదే అనిపించి వాడు డబ్బు పెడతాడు, అంకె మళ్ళీ మారుతుంది. జనం ఎక్కువ డబ్బు పెట్టిన ఫేవరెట్ గుర్రాలు మూడింట ఒక వంతు పందేలు గెలుస్తాయని సుమారు లెక్క. జనం తెలివి పూర్తిగా తీసిపారేయదగ్గది కాదు, మూడింట రెండు వంతులు తప్పు కూడా.

టికెట్టు చేతికి వచ్చాక మనసులో జరిగేదాన్ని ఇద్దరు పరిశోధకులు కొలిచారు. నాక్స్, ఇంక్‌స్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1968లో అచ్చువేసిన అధ్యయనంలో, కెనడాలోని ఒక రేసుకోర్సులో కొందరిని డబ్బు కట్టబోయే ముందు, కొందరిని కట్టిన వెంటనే, మీ గుర్రం గెలిచే అవకాశం ఎంత అని అడిగారు. కట్టినవాళ్ళ నమ్మకం కట్టబోయేవాళ్ళకంటే స్పష్టంగా ఎక్కువ. గుర్రంలో మారిందేమీ లేదు, మధ్యలో జరిగింది టికెట్టు కిటికీ దగ్గరికి వెళ్ళి రావడమే. అంటే నమ్మకం ఉండి డబ్బు కట్టడం కంటే, కట్టాం కాబట్టి నమ్మడం ఎక్కువ. రేసుకోర్సుకి ఆవల కూడా, మొత్తం కట్టేశాక ఫ్లాటుకి తూర్పు వాకిలి కలిసొస్తుందని, పిల్లవాణ్ణి చేర్పించాక ఆ కాలేజీయే మంచిదని అనిపించడంలో ఉన్నది ఇదే. మలక్‌పేటలో తేడా ఏమిటంటే ఆ నమ్మకానికి తీర్పు కొన్ని నిమిషాల్లో వస్తుంది. ఫ్లాటు విషయంలో ఇరవై ఏళ్ళు పట్టవచ్చు, అసలు రాకపోనూవచ్చు.

గేట్లు తెరుచుకున్నాక మొదటి కొన్ని సెకన్లు కొత్తవాళ్ళకి ఏమీ తెలియదు. అవతలి పక్కన రంగు చొక్కాలు చిన్న చుక్కల్లా కదులుతాయి. కామెంటరీలో తమ గుర్రం పేరు వినబడిందో లేదో అర్థం కాదు. చివరి మలుపు తిరిగాక మాత్రం గిట్టల చప్పుడు చెవికంటే ముందు కాళ్ళకి తెలుస్తుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో నాలుగైదు వందల కిలోల జంతువులు పది కలిసి వస్తుంటే పక్కనున్న పెద్దమనిషి తెలుగులోంచి దక్కనీ ఉర్దూలోకి, అక్కణ్ణుంచి ఏ భాషా కాని దాంట్లోకి జారిపోతాడు. గీత దాటాక ఒక్కసారిగా మామూలు గొంతులు. వెంటనే డబ్బులివ్వరు. జాకీలు మళ్ళీ తూకం ఎక్కాలి, ఎవరైనా అడ్డం వచ్చారని అభ్యంతరం ఉంటే స్టీవార్డులు విచారించాలి, ఆ తర్వాతే ఫలితం ఖాయం. గుర్రానికి మందు పరీక్షలు కూడా ఉంటాయి.

ఈ జాగ్రత్తలు ఎందుకో తెలుగువాళ్ళకి భారతం ఎప్పుడో చెప్పింది. ఆదిపర్వంలో కశ్యపుడి భార్యలు కద్రువ, వినత కాసిన పందెం గుర్రం మీదే. తెల్లని ఉచ్చైశ్రవం తోక నల్లగా ఉందని ఒకామె, లేదని ఒకామె, ఓడినవాళ్ళు దాస్యం చెయ్యాలి. దగ్గరికి వెళ్ళి చూడడం మర్నాటికి వాయిదా పడింది. ఆ రాత్రి కద్రువ తన కొడుకులైన పాముల్ని పురమాయించింది, కర్కోటకుడు తోకకి నలుపు తెచ్చాడు. పందేనికీ ఫలితానికీ మధ్య కాపలా లేని ఒక రాత్రి ఉండడమే అక్కడి లోపం. ఆ ఒక్క రాత్రి విషయంలో రేసు క్లబ్బుల నిబంధనలు కశ్యపుడి ఇంటికంటే నయం.

ఇదంతా నైపుణ్యమా, అదృష్టమా అన్న ప్రశ్న కోర్టు దాకా వెళ్ళింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆట మీద వచ్చిన కేసులో, రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమేనని సుప్రీంకోర్టు 1967లో అంది. తమిళనాడు గుర్రప్పందేల్ని నిషేధిస్తూ తెచ్చిన చట్టం మీద మద్రాసు రేస్ క్లబ్ చేసిన పోరాటం 1996లో లక్ష్మణన్ కేసు తీర్పుతో ముగిసింది: గుర్రప్పందెం నైపుణ్యపు ఆట, జూదం కాదు. గుర్రం వేగం, దమ్ము, జాకీ పనితనం, శిక్షణ, ఇవన్నీ తెలుసుకోదగిన విషయాలే అన్నది కోర్టు తర్కం. తెలుసుకోవచ్చు, సరే. కానీ పేరు బాగుందని 4వ నంబరు మీద వంద రూపాయలు పెట్టిన మనిషికీ, ఆరేళ్ళ రేసు బుక్కులు దాచుకున్న మనిషికీ ఒకే కిటికీలో ఒకే టికెట్టు ఇస్తారు. ఒకరికి అది నైపుణ్యం, ఇంకొకరికి బొమ్మా బొరుసూ. ఆట స్వభావం ఆడేవాణ్ణి బట్టి మారుతుందని చట్టం ఒప్పుకోలేదు, ఎక్కడో ఒకచోట గీత గీయాలి గనక. తత్వానికి ఆ తొందర లేదు.

అరణ్యపర్వంలో నలుడి కథ ఈ చిక్కుని ఇంకా బాగా పట్టుకుంది. నలుడికి అశ్వహృదయం తెలుసు, పాచికల మర్మం తెలియక రాజ్యం పోగొట్టుకున్నాడు. ఋతుపర్ణుడికి అక్షహృదయం తెలుసు, గుర్రాల విద్య రాదు. విదర్భకి రథం మీద పోతూ ఋతుపర్ణుడు ఒక తానికాయ చెట్టుకున్న ఆకులూ కాయలూ ఎన్నో చూసీచూడగానే చెప్పాడు. నలుడు నమ్మలేదు. రథం ఆపి, చెట్టు దగ్గరికి పోయి లెక్కపెట్టాడు, సరిపోయాయి. అప్పుడు ఋతుపర్ణుడు తన విద్య నలుడికి ఇచ్చాడు, బదులుగా గుర్రాల విద్యని తర్వాత తీసుకున్నాడు. అక్షహృదయం తెలియగానే నలుణ్ణి పట్టిన కలి వదిలింది. రేసుకోర్సులో ఈ రెండు విద్యలూ కావాలి: గుర్రం లోపల ఏముందో చూడడం, అవకాశాల్ని లెక్కకట్టడం. మొదటి రోజు వచ్చినవాళ్ళకి రెండూ ఉండవు. అయినా కొందరు గెలుస్తారు.

ఆ గెలుపే మొదటి రోజు జ్ఞాపకాల్లో చిక్కుముడి. మొదటి రోజు ఓడినవాళ్ళు చాలామంది మళ్ళీ వెళ్ళరు, చెప్పుకోరు. గెలిచినవాళ్ళు చెప్పుకుంటారు. అందుకని మొదటి రోజు గెలిచామన్న కథలే లోకంలో ఎక్కువ తిరుగుతాయి, కొత్త చేతికి అదృష్టం ఎక్కువన్న నమ్మకం అలాగే పుడుతుంది. ఫోన్లో డబ్బు ఆటలు ఆడినవాళ్ళకి ఇది పరిచయమే. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం వాటిని మూయించింది. రేసుకోర్సు చట్టబద్ధంగా మిగిలింది, కానీ అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి పందేల మీద 28 శాతం జీఎస్టీ 40 అయింది. ఇంత పన్ను కట్టి దీర్ఘకాలంలో లాభపడడం అక్షహృదయం ఉన్నవాడికీ కష్టమే. ఒక మధ్యాహ్నం చూసి రావాలనుకునేవాళ్ళకి మాత్రం అది సినిమా ఖర్చులాంటిదే, దాన్ని ఖర్చని ఒప్పుకున్నంతకాలం.

జ్ఞాపకంలో గుర్రం ఎప్పుడూ చిట్టచివర్నుంచి దూసుకొచ్చే గెలుస్తుంది. మొదటినుంచీ ముందుండి గెలిచినదాన్ని కూడా మనసు కొన్నేళ్ళలో వెనక్కి లాగి పరుగెత్తిస్తుంది, గెలుపు మొత్తాన్ని కాస్త పెంచుతుంది, దానికి ముందు పోయిన మూడు పందేల్ని తుడిచేస్తుంది. ఈ విషయంలో రేసుకోర్సు జ్ఞాపకానికి ఓ వెసులుబాటు ఉంది: మోసిన బరువు, పట్టిన సమయం, వచ్చిన స్థానం, చెల్లించిన ధర, అన్నీ ఆనాటి ఫలితాల్లో అచ్చయి ఉంటాయి. కావాలంటే తీసి సరిచూసుకోవచ్చు. అలా సరిచూసుకునేవాళ్ళు అప్పటికే రేసు బుక్కులు దాచుకునే జాతిలో చేరిపోయి ఉంటారు.