బోర్లించిన భిక్షాపాత్ర

నిరంకుశుల యేలుబడిలో నలుగుచున్న దేశమునకు యాత్రికుడై పోవుట ధర్మమా యని విచారించునపుడెల్ల నాకు బర్మాయే మనసున మెదలును. 1990 ఎన్నికలలో ప్రజలిచ్చిన తీర్పును త్రోసిపుచ్చిన సైనికాధిపతులే 1996లో లోకమునెల్ల తమ దేశము చూడరండని పిలిచిరి. ఆ సన్నాహములలో మాండలే కోట యగడ్త పూడిక తీయుటకు నగరవాసులను, ఖైదీలను కూలి యీయక నియోగించిరి. ఆ యెన్నికలలో గెలిచిన పక్షమునకు నాయకురాలైన ఆంగ్ సాన్ సూ చీ మాత్రము యాత్రికులను అప్పుడే రావలదని కోరెను.

అతిథిని దైవముగా భావింపుమని మన పెద్దలు గృహస్థునకు బోధించిరి. ఇల్లెవరిదో విచారించుకొనుట అతిథికి ప్రథమధర్మమని నా విశ్వాసము. వాకిలి నాక్రమించినవాడు రమ్మనుచుండగా ఇంటివారు లోపలినుండి వలదన్నచో, ఆ గడప దాటరాదు.

బౌద్ధభిక్షువుల నియమగ్రంథమైన వినయపిటకమున దీనికి సమీపమైన విధి యొకటి కలదు. వడ్ఢుడను లిచ్ఛవి వంశీయుడు ఒక భిక్షువుపై అపవాదు మోపగా, సంఘము వాని భిక్షను నిరాకరించెను. పాత్రను బోర్లించుట యనగా నిదియే. అతడు పశ్చాత్తప్తుడై తప్పొప్పుకొనిన పిమ్మట పాత్రను మరల నిలిపిరి. 2007లో బర్మా భిక్షువులు ఈ విధినే సైనికాధిపతులపై ప్రయోగించి, వారి దానములను తిరస్కరించి, వట్టికాళ్లతో రంగూను వీధుల నడచిరి. దానమువలన పుణ్యము గడింపగోరు బౌద్ధునకు పుచ్చుకొను చేయి లేకుండుటకంటె కఠినదండన మేమి యుండును? అయినను ఆ నిరాకరణము పాలకులకే గాని, గుప్పెడన్నముతో వాకిట నిలుచు సామాన్య గృహిణికి గాదు.

యాత్రికుని ధనమున నిట్టి విభజనము కష్టమే గాని, అసాధ్యము గాదు. వీసా రుసుము పాలకులకు చేరును. బగాన్‌లో లక్కపాత్రకిచ్చిన వెల దానిని చేసిన కుటుంబమునకు చేరును. 2010 ప్రాంతమున సూ చీ పక్షమువారు విడిగా వచ్చువారిని ఆహ్వానించి, మూకయాత్రలను మాత్రము వలదనుట ఈ వివేకమువలననే.

అయితే ఇంటివారి మాట యని యొక్కరి మాటనే పట్టుకొనుటయు చాలదు. 2017లో బర్మాలోని రోహింగ్యాలు సైన్యపు హింసకు తాళలేక లక్షలాదిగా బంగ్లాదేశమునకు పాఱిపోగా, 2019లో హేగు న్యాయస్థానమున సూ చీయే ప్రభుత్వపక్షమున వాదించెను. ఆ నిర్వాసితులును ఇంటివారే గదా! ఈ వేదన నన్నింకను విడువలేదు.

2021 ఫిబ్రవరిలో సైన్యము మరల అధికారమును హరించి, స్వజనుల గ్రామములపైననే విమానములనుండి బాంబులు కురిపించెను. మన కోస్తా జిల్లాలనుండి వలసపోయి అచ్చటనే నిలిచిన తెలుగువారి సంతతి నేటికిని కలదు. అట్టి బంధువుల పరామర్శకు పోయి వారి యింటనే బస చేయువానిని నేను వారింపను. బగాన్ గోపురములపై సూర్యోదయము చూడ నుబలాటపడువానిని మాత్రము ఇప్పటికి ఆగుమందును.