ఒక్క మెతుకు పట్టి చూస్తే...

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. కొత్త గద్వాల చీర నీళ్ళలో పెట్టేముందు అంచు కొస తడిపి, రంగు దిగుతుందేమో చూసుకుంటాం. మరి మందు సంగతి?

1948లో అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు పిల్లలు 16 మందికి అమినోప్టెరిన్ ఇచ్చిన ఫలితాలు ప్రకటించాడు. ఆ మందు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం తయారుచేసింది. 10 మందికి కొన్నాళ్ళు గుణం కనిపించింది. తక్కినవాళ్ళకి పనిచేయదన్న సంగతి వాళ్ళ లేత ఒంటిమీదే తేలింది.

తర్వాత రోగి రక్తకణాల్నే గాజుపాత్రలో ఉంచి, ఏ మందుకి చస్తున్నాయో, దేనికి లొంగడంలేదో చూడడం నేర్చుకున్నారు. అయితే గాజుపాత్రకి కాలేయం లేదు, కడుపు లేదు. అక్కడ గెలిచిన మందు ఒంట్లో ఓడిపోవచ్చు. "ఇది పనిచేయదు" అన్న జవాబే కాస్త ఎక్కువ నమ్మదగింది. అదీ నూటికి నూరుపాళ్ళు కాదు. అందుకే డాక్టర్లు ఈ ఒక్క పరీక్షనే పట్టుకుని మందు నిర్ణయించరు.

వనపర్తి నుంచో, నాగర్‌కర్నూలు నుంచో బిడ్డని ఒళ్ళో పెట్టుకుని హైదరాబాదు బస్సెక్కిన తల్లి "అవును" అనే మాట కోసం వెళ్తుంది. "కాదు" అని చెప్పే పరీక్ష ఆవిడకేం మేలు చేసినట్టు? పనికిరాని మందు తెచ్చే వాంతులూ, జ్వరమూ, అప్పూ ఆ పసిదానికీ, ఆ ఇంటికీ తప్పించినా మేలే కదా! కాదని వేళకి చెప్పడం కూడా దయేనని నా మనసుకి తోస్తుంది. మీరేమంటారు?