దాదీ నోటుబుక్కులో సేరు

మన ఇళ్లల్లో ఉర్దూ అక్షరాలున్న ఏ కాగితాన్నయినా కళ్లకద్దుకుని పైన పెడతారు. అందులో ఖురాన్ ఆయత్ ఉందో, చక్కెర లెక్క ఉందో చదవడం రానివాళ్లకెట్లా తెలుస్తుంది? చాపాడులో మా దాదీ రాసుకున్న వంటల నోటుబుక్కు గతీ అదే అయింది. ఇంట్లో దక్కనీ మాట్లాడతాం, బడిలో తెలుగు చదివాం. అక్షరం మీద భక్తి మిగిలింది, అక్షరం మిగల్లేదు. దీన్ని దాచుకోవడమంటారా, పాతిపెట్టడమంటారా?

మొహర్రంలో చేసే రోట్ అందులో ఉంది. ఉర్దూ వచ్చిన ఒక పెద్దాయనతో చదివించాం. రవ్వ సేరు, నెయ్యి పావుసేరు, పాలు ఒక గ్లాసు, చక్కెర, యాలకులు, బాదం. నాననిచ్చి, కింద సన్నసెగ పెట్టి మూతమీద నిప్పులు పోయాలి. అంతా బాగానే ఉంది గానీ, ఏ సేరు? మద్రాసు రాజధానిలో కచ్చా సేరంటే 24 తులాలు, అంటే దాదాపు 280 గ్రాములు. పక్కా సేరు 80 తులాలు, 933 గ్రాములు. ఒక లెక్కన పిండి ముద్దవుతుంది, ఇంకో లెక్కన పొడిపొడిగా రాలిపోతుంది. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలొచ్చి సేరు అంగళ్లలోంచి పోయింది, నోటుబుక్కులో నిలిచిపోయింది.

తేల్చింది అమ్మీ. ఏ లిపీ రానిది. రవ్వలో పాలుపోసి, పిడికిట పట్టి, "కచ్చా సేరే" అంది. ఇన్నాళ్లూ నోటుబుక్కుకి చేసిన మర్యాదలో పావొంతు ఆ చేతికి చేశామా?

తెలుగులో ఎత్తి రాసుకుందామంటే చుట్టాల్లో ఒకాయన ఒప్పుకోలేదు. "ఉర్దూ కూడా పోతే మనకేం మిగుల్తుంది?" అన్నాడు. ఆ భయం ఊరికే రాలేదు. తెలుగు వంటల పుస్తకాలు చాలావాటిలో మనం బిర్యానీ పేజీ దాటి కనపడం. "మీకు తెలుగొచ్చా?" అని తెలుగులోనే అడుగుతారు. కానీ దూదేకుల ఇళ్లల్లో ఇంటిభాషే తెలుగు. వాళ్ల ఫాతెహా చెల్లకుండా పోయిందా? చదవలేని లిపిలో ముస్లింగా ఉండటం కన్నా, చదివే లిపిలో రోట్ చేసుకుని ముస్లింగా ఉండటం తక్కువెట్లా అవుతుంది?

రాసుకున్నాం. రోట్, దమ్, ఫాతెహా మాటలు అట్లాగే ఉంచాం. సేరు పక్కన గ్రాములు వేశాం. ఇప్పుడు ముద్ద కలిపి ప్రొద్దుటూరులో బేకరీకి పంపి కాల్పిస్తున్నాం. నిప్పుల మూత వాసన రాదనుకోండి, అది వేరే సంగతి. పాల దగ్గర మాత్రం గ్లాసు కొట్టేసి అమ్మీ మాటే పెట్టాం: చేతికంటుకుంటే ఎక్కువైనట్టు.