పిలవని సాక్షి



యుద్ధ నేరాల విచారణల గురించి హైస్కూలు పిల్లలకు చెప్పవచ్చునా? లేత మనసులకు అంత క్రూరత్వం ఎందుకని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. భయపెట్టే ఫొటోలు వద్దు. కాని కోర్టు కాగితాలు వారి చేత చదివించాలి.

1945 నవంబరు 20న జర్మనీలోని న్యూరెంబర్గులో నాజీ నాయకుల విచారణ మొదలైంది. వారి ప్రభుత్వం రాసుకున్న ఉత్తర్వులే వారికి వ్యతిరేకంగా ముఖ్య సాక్ష్యమయ్యాయి. 1946 అక్టోబరు 1న 12 మందికి మరణశిక్ష, 7 మందికి జైలుశిక్ష పడ్డాయి. ముగ్గురు నిర్దోషులుగా బయటికొచ్చారు. పగబట్టినవాడు ఎవరినీ అలా విడిచిపెట్టడు గదా! ఆ ముగ్గురి మీది తీర్పు చదివిన విద్యార్థికి పగకూ న్యాయానికీ తేడా వేరే చెప్పనక్కరలేదు.

అయితే కాగితాల్లోకి అందరూ ఎక్కరు. 1942-43లో జపాను సైన్యం సయాం, బర్మాల మధ్య 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. అక్కడ 12 వేలకు పైగా యుద్ధఖైదీలు చనిపోయారు. వారి అధికారులు మృతుల లెక్క రాసిపెట్టారు. యుద్ధం ముగిశాక సింగపూరులోని బ్రిటిష్ సైనిక కోర్టుల్లో బతికినవారి వాంగ్మూలాలు నమోదయ్యాయి. అదే దారిలో ఆసియా కూలీలు అంతకు ఎన్నో రెట్లు మరణించారు. మలయా రబ్బరు తోటల నుంచి తీసుకుపోయిన తమిళులు, మన తెలుగువారు వారిలో ఉన్నారు. ఎందరు పోయారన్నది నేటికీ అంచనాయే. 70 వేలని కొందరు, 90 వేలని కొందరు అంటారు. వారి పేర్లు రాసినవారు లేరు. వారి తరఫున కోర్టులో నోరు విప్పినవారు బహు తక్కువ.

న్యూరెంబర్గు విచారణ ప్రతులు నేడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక పేజీ తెలుగు చేయడం మాస్టారికి ఒక సాయంత్రం పని. గంగవరంలోనైనా, పుంగనూరులోనైనా ఆ పేజీ పిల్లలకిచ్చి నాలుగు ప్రశ్నలు అడగమనండి. ఇది ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? నిందితుణ్ణి జవాబు చెప్పుకోనిచ్చారా? ఎవరిని పిలవలేదు?

ఆ నాలుగో ప్రశ్న బడిలో ఆగదు, ఇంటికీ వస్తుంది. గట్టు తగాదా రచ్చబండకెక్కినప్పుడు, ఇంట్లో పంపకాలప్పుడు, కూలివాని మాట, ఆడబిడ్డ మాట అడిగారా అని మీ అబ్బాయే మిమ్మల్ని అడుగుతాడు. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని మనం పిల్లలకు నేర్పుతున్నాం. చెప్పవలసినవాణ్ణి పిలవకుండా తీర్పు చేయడమూ దాని తోడబుట్టిందే. ఆ ప్రశ్న వేసిన బిడ్డను కసరకండి. జవాబు చెప్పండి.