గడపయొద్ద మతబోధ

గడచిన వేసవిలో నొక ఆదివారము మిట్టమధ్యాహ్నమున మా వాకిట ఇద్దఱు నిలిచి తలుపు తట్టిరి. ఒకడు నడివయస్సువాడు, ఆతని ప్రక్కను కూతురువలె కనబడు చిన్నది. భుజమున సంచి, సంచిలో కరపత్రములు. “అయ్యగారూ, ఒక్క మంచిమాట చెప్పి వెళదామని వచ్చామండి” అని యాతడు చేతులు జోడించెను. భోజనముచేసి నడుము వాల్చిన వేళ యగుటచే మాకు విసుగు కలిగినది. “మా యింట్లో ఎవరికీ అక్కరలేదు” అని తలుపు మూసితిమి. లోపల మంచముమీద కూర్చున్న మా తల్లి, “ఎవర్రా వచ్చింది?” అని యడిగెను. సంగతి చెప్పితిమి. ఆమె కొంచెముసేపు ఊరకుండి, “ఎవరికీ అక్కరలేదని నన్నడిగి చెప్పావా?” అనెను.

ఆమె మతము మార్చుకొనదలచినది కాదు. డెబ్బదియేండ్లు దాటిన యీ వయస్సునను వేకువజామున లేచి దీపము వెలిగించు మనిషి. అయినను ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకపోయినది. ఈ వ్యాసమునకు ఆ ప్రశ్నయే కారణము.

ఇంటింటికి తిరిగి తమ మతమును బోధించువారిపట్ల చదువుకొన్న గృహస్థుల నడత మూడు విధములుగా నున్నది. కొందఱు కోపింతురు. కొందఱు పరిహసింతురు; వచ్చినవాని చదువు తమ చదువుకన్న తక్కువయని కనిపెట్టి, సృష్టికాలమును గూర్చియో, గ్రంథములలోని పరస్పర విరోధములను గూర్చియో నాలుగు ప్రశ్నలు వేసి, ఆతడు తెల్లబోగా సంతోషింతురు. తక్కినవారు “ఇప్పుడు తీరిక లేదు, తరువాత రండి” అని బొంకుదురు. మొదటిది క్రోధము, రెండవది గర్వము, మూడవది యసత్యము. ఈ మూడింటిలో దేనిని మన పిల్లలకు నేర్పవలెనని మనము కోరము. కాని మూడింటిని వారు మన గడపయొద్దనే నేర్చుకొనుచున్నారు.

వాకిటికి వచ్చి భగవన్నామము వినిపించుట మన దేశమున క్రొత్త యాచారము కాదు. ధనుర్మాసమున అక్షయపాత్ర తలపై నిడుకొని హరిదాసు వచ్చును. జంగమదేవర శంఖమూది గంట వాయించును. వారిని మనము తప్పుపట్టము. పిల్లలచేత దోసెడు బియ్యము పోయింతుము. మఱి వీరికిని వారికిని భేదమేమి? హరిదాసు మన విశ్వాసమును మనకే పాడి వినిపించును. ఆతడు కోరునది బియ్యము. ఈ బోధకుడు కోరునది మన మనస్సు. బియ్యము పోసినవాడు దాత యగును. మనస్సు మార్చుకొనవలసినవాడో, తాను ఇంతవఱకు తప్పుదారిని నడచితినని యొప్పుకొనవలెను. ఇచ్చువాని స్థానమునుండి పుచ్చుకొనువాని స్థానమునకు దిగుట గృహస్థునకు కష్టము. మన కోపములో ధర్మాగ్రహ మెంతయో, ఈ కష్ట మెంతయో ఎవరికి వారు తూచి చూచుకొనవలసియున్నది.

శాస్త్రము మన పక్షముననే యున్నదని కొందఱందురు. అడుగనివానికి చెప్పరాదని మనుస్మృతి రెండవ యధ్యాయమున విధించుచున్నది. వినగోరనివానికి తన మాటను చెప్పవలదని కృష్ణుడు భగవద్గీత కడపటి యధ్యాయమున అర్జునుని హెచ్చరించెను. రోగము లేకయే పరుండియున్నవానికిని, గొడుగు పట్టుకొని నిలిచినవానికిని ధర్మము చెప్పగూడదని బౌద్ధభిక్షువుల వినయనియమములలో కలదు. వినువాని సిద్ధత లేనిదే బోధ ఫలింపదని యీ మూడింటి భావము. ఇది యెంతయు నిజము.

అయినను ఈ నిజమును చేతబట్టుకొని, పిలువని బోధకుడు రానేకూడదని తీర్మానించుట సంస్కారపక్షమువారమైన మనకు తగునా? అడుగనివానికి చెప్పరాదన్న శాస్త్రమే, అడుగుట కర్హతయే లేదని అసంఖ్యాకులైన జనులను విద్యకు దూరము చేసినది. తిరుక్కోష్టియూరులో గురువు రహస్యముగా నుపదేశించిన మంత్రమును రామానుజులవారు గోపురమెక్కి అందఱకును వినిపించిరని వైష్ణవ సంప్రదాయము చెప్పును. ఆ కథ విని పులకించనివారు మనలో లేరు. 1881 డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిన వీరేశలింగముపంతులుగారిని ఆ ఊరు పిలిచి యడుగలేదు; పైగా వెలివేసినది. అడుగనివానికి చెప్పుటయే సంస్కర్తల వృత్తి. మా వృత్తియు నంతియే. లఘువులు గురువులు తెలుపుమని వేడుకొనుచు ఇంతవఱకు ఏ బాలుడును మా యింటికి రాలేదు.

బోధకుని మనస్సులో ప్రవేశించి చూతము. పొరుగింటి కప్పు అంటుకొన్నదని మనకు తోచినచో, అర్ధరాత్రమైనను తలుపు బాదుదుము గాని, వారు పిలువలేదుగదా యని యూరకుండము. పొరుగువాడు నరకమున కాలునని మనఃపూర్వకముగా నమ్మినవాడు నోరు మూసికొని కూర్చున్నచో నదియే నిర్దయ. కావున వాని రాకలో, మనకు రుచింపకున్నను, ఒక హితబుద్ధి కలదని యొప్పుకొనవలెను. కాని యీ ఉపమానము కొంతదూరమే నడచును. కప్పున లేచిన మంట ఇద్దఱకును కనబడును. పరలోకపు మంట నమ్మినవానికి మాత్రమే కనబడును. అందుచేత వానికి తలుపు తట్టు హక్కు కలదు. చేయిపట్టి వెలుపలికీడ్చు హక్కు లేదు. ఈ రెంటి నడుమ గీటు ఎచ్చట గీయవలెనన్నదే ప్రశ్న.

మన రాజ్యాంగసభలో 1948 డిసెంబరు 6వ తేదిని ఈ గీటును గూర్చియే చర్చ జరిగినది. మతస్వాతంత్ర్యపు హక్కులలో ‘ప్రచారము’ అను మాట యుండరాదని లోకనాథ మిశ్రగారు వాదించిరి. లక్ష్మీకాంత మైత్రగారు, మున్షీగారు మొదలగువారు ఉండవలెననిరి. ఆ మాట 25వ అధికరణమున నిలిచినది. తరువాత 1977లో సుప్రీంకోర్టు, మధ్యప్రదేశ్, ఒరిస్సా రాష్ట్రముల మతాంతరీకరణ చట్టములను విచారించి, తన మతసిద్ధాంతములను వివరించి చెప్పుట హక్కేగాని, ఇతరుని మతము మార్చుట హక్కు కాదని తీర్పు చెప్పినది. న్యాయస్థానము చెప్పగలిగినది ఇంతవఱకే. తలుపు తెఱచినవాడు ఏ మొగముతో తెఱవవలెనో చట్టము చెప్పదు.

అన్యదేశముల వ్యాజ్యములు రెండు మాకు మిక్కిలి ఉపకరించినవి. రెండును యెహోవాసాక్షులను క్రైస్తవశాఖవారికి సంబంధించినవే. అమెరికాలో ఒహాయో రాష్ట్రమందలి స్ట్రదర్స్ అను పట్టణము, కరపత్రములు పంచుటకై ఇండ్ల గంటలు మ్రోగింపరాదని శాసించినది. అది కార్ఖానాల ఊరు. రాత్రులు పనిచేసి పగలు నిద్రించువారి నిద్ర చెడునని పట్టణమువారు చెప్పుకొనిరి. ఆ శాసనమును మీరినందుకు ఒక స్త్రీకి జరిమానా విధింపబడెను. 1943లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ శాసనమును కొట్టివేసినది. వచ్చినవానిని రానిచ్చుటయు, పొమ్మనుటయు ఆ యింటివారి యిష్టము. ఇండ్లన్నిటి పక్షమున పట్టణమే తలుపు మూయుట చెల్లదని దాని సారాంశము.

రెండవది గ్రీసుదేశపుది. క్రీటు ద్వీపమున మీనోస్ కొక్కినాకిస్ అను వృద్ధుడు 1986లో భార్యతోగూడ ఒక యింటికి వెళ్లి మతప్రసంగము చేసెను. ఆ యింటి యిల్లాలు వారిని లోనికి రానిచ్చి మాటాడినది. ఆమె భర్త స్థానికమైన ఆర్థడాక్సు చర్చిలో గాయకుడు. అతడు పోలీసులకు తెలిపెను. 1938 నాటి చట్టము ననుసరించి దంపతులు నిర్బంధింపబడిరి. ఆ ముసలివాడు అంతకుముందే అఱువది సారులకు పైగా నిర్బంధింపబడినవాడు. 1993లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము అతని పక్షమున తీర్పుచెప్పుచు, సాక్ష్యము పలుకుట వేఱు, లాభములు చూపియు ఒత్తిడి చేసియు మనుష్యులను లాగుకొనుట వేఱని విభజించినది.

ఈ రెండింటిని ప్రక్కప్రక్కను పెట్టి చూచినప్పుడు మా తల్లి ప్రశ్నలోని బరువు మాకు తెలిసినది. ఇండ్లన్నిటి పక్షమున పట్టణము తలుపు మూయరాదనుచున్నాము. ఇంటిలోనివారందఱి పక్షమున ఒక్క యజమాని మూయవచ్చునా? ఆ గ్రీకు ఇల్లాలు వినుటకొప్పుకొన్నది. ఫిర్యాదు ఆమె భర్తది. స్త్రీల విద్యకై, స్వాతంత్ర్యమునకై వ్యాసములు వ్రాయు మనము, “మా యింట్లో ఎవరికీ అక్కరలేదు” అన్నప్పుడు ఎందఱ మనస్సులకు తాళము వేయుచున్నామో లెక్కపెట్టుకొన్నామా? మతమును కాపాడుచున్నామనుకొని యజమానత్వమును కాపాడుకొనుచున్నాము.

ఇంకొక గడపనుగూడ తలచుకొనవలెను. ఒంగోలు ప్రాంతమున మాదిగకులమునకు చెందిన యెఱ్ఱగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మము పొంది, తన వారి గుడిసెల కన్నిటికిని నడచిపోయి బోధించెను. 1876-78 సంవత్సరముల కఱవులో, అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువలో కొంత భాగము త్రవ్వించు పని గుత్తకు తీసికొని వేలజనమునకు కూలి కల్పించెను. కఱవుపని సాగినంతకాలము బాప్తిస్మము లిచ్చుట మానెను. తరువాత 1878 జులై 3వ తేది నొక్కనాడే గుండ్లకమ్మయొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆకలి జ్ఞాపకమింకను వీడని జనులు చేసిన నిర్ణయమెంత స్వేచ్ఛగలదని అడుగువారు కలరు. అడుగదగిన ప్రశ్నయే. కాని దానికిముందు మనము జవాబు చెప్పవలసిన ప్రశ్న యొకటి యున్నది: అంతకుమునుపు ఆ గుడిసెల ముందర నిలిచి, లోనివారిని పేరు పెట్టి పిలిచి, మీకొక మంచిమాట చెప్పవచ్చితిమన్నవారెవరు? మనము త్రొక్కని గడపను మఱియొకడు త్రొక్కెనని కోపించుటకు మనకు అధికారము తక్కువ.

ఇంతచెప్పి బోధకునికి హద్దులు లేవనుట మా యుద్దేశము కాదు. పెద్దవారు లేని సమయమున పిల్లలకు బోధింపరాదు. శవము లేవని యింటను, రోగి మంచముచెంతను భయమును సాధనముగా చేసికొనరాదు. మందో, బడియో, కూలియో చేతబట్టుకొని, దానివెంట మతమును తగిలింపరాదు. ఇతరుల దేవతలను దూషించి తన దేవుని పొగడరాదు. “వలదు” అన్న మాట వినబడిన పిమ్మట నిలువరాదు. ఈ నియమములు హిందువునకు, మహమ్మదీయునకు, క్రైస్తవునకు, నాస్తికునకు నొక్కటే. మన పక్షపు ప్రచారకుడు పొరుగువాడకు పోయినప్పుడును ఇవే వర్తింపవలెను; లేనిచో అవి నియమములు కావు, పగకు వేసిన ముసుగులు.

గృహస్థునికిని హద్దులున్నవి. వలదనవచ్చును, అవమానింపరాదు. వాదింపవచ్చును, ఎదుటివాని తక్కువచదువును ఎగతాళి చేయరాదు. తనకు వలదనవచ్చును, తల్లికి, భార్యకు, ఎదిగిన బిడ్డలకు వలదని తానే చెప్పరాదు. కర్నూలుజిల్లా ఎఱ్ఱగుడి బండలమీద అశోకుని శాసనములున్నవి. అందు పండ్రెండవది, అనుచిత సమయమున తన మతమును పొగడుటయు పరమతమును తెగడుటయు మాని వాక్కును అదుపులో నుంచుకొనవలెనని చెప్పుచు, ఇతరుల ధర్మమును వినవలెననియు బోధించుచున్నది. ఆ చక్రవర్తి తానే ధర్మప్రచారము చేయించినవాడు. ప్రచారమును మానక, నాలుకను బిగించుమని చెప్పుటలోనే ఆతని వివేకమున్నది. ఇరువదిరెండు శతాబ్దములకు పైగా ఆ మాట మన తెలుగునేలపై ఎండకెండి వానకు తడియుచున్నది.

మన మతము సత్యమైనచో ఒక యపరాహ్ణపు ప్రసంగమునకు అది కూలదు. కూలునదైనచో తలుపు మూసి దానిని నిలుపుట యెన్నాళ్లు? భయమున కాపాడుకొన్న విశ్వాసము అలవాటే యగునుగాని విశ్వాసము కానేరదు.

నెల తిరిగిన పిమ్మట ఆ తండ్రీకూతుళ్లే మరల మా వీథికి వచ్చిరి. మా యిల్లు దాటి పోవుచుండగా మేమే పిలిచితిమి. మాకు వారి మతమందు నమ్మకము లేదని ముందుగనే చెప్పి, మొన్నటి మాటకు క్షమింపుమని కోరి, మా తల్లిని అడిగితిమి. ఆమె అరుగుమీదికి వచ్చి కూర్చుండి, పావుగంటసేపు వినెను. పిమ్మట, “బాగుంది నాయనా. నాకు నా రాముడున్నాడు. పిల్ల ఎండలో వాడిపోయింది, ముందు మజ్జిగ తాగండి” అనెను. వారు త్రాగి, కరపత్రమొకటి అరుగుపై నుంచి, నమస్కరించి వెళ్లిరి. ఎవరి మతమును మారలేదు. ఆ కరపత్రమును మా తల్లి పంచాంగము ప్రక్కను పెట్టుకొన్నది. దానిని తీసివేయవలెనని మాకొక్కసారి తోచిన మాట నిజము. తీయలేదు.